బస్తీలో స్కూల్ అయ్యాక పిల్లలకి సాయంత్రం సెంటర్ ఎలా పెట్టాలి?

నాలుగు, నాలుగున్నరకి బడి వదిలేస్తారు, హౌస్‌కీపింగ్ పనికెళ్ళిన అమ్మ వచ్చేసరికి ఏడు దాటుతుంది, నాన్న ఆటో అయితే ఇక చెప్పక్కర్లేదు. మధ్యలో ఆ మూడు గంటలు పిల్లలు ఎక్కడుంటారంటే ఇంట్లో ఎవరికీ కరెక్టుగా తెలీదు. పిల్లాడు గల్లీ చివర పాన్ డబ్బా దగ్గర ఉండొచ్చు, ఎవడి ఫోన్‌లోనో గేమ్ ఆడుతుండొచ్చు, ఆడపిల్లైతే తమ్ముణ్ణి చంకనేసుకుని అంట్లు తోముతుండొచ్చు. సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో నేను కొన్నేళ్ళుగా, బడి అయ్యాక పిల్లలు వచ్చి తిని, చదువుకుని, ఆడుకునే సాయంత్రం సెంటర్‌లో పని చేస్తున్నా. మా దగ్గర కూడా పెట్టాలనుంది, ఎలా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నా.

1. ముందు ఒక వారం గల్లీల్లో తిరగండి

గది వెతకడం తర్వాత. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఊరికే తిరగండి, ఎవరు ఏ స్కూలు, ఎవరు తమ్ముళ్ళని చూసుకుంటున్నారు, అమ్మలు ఎన్నింటికి వస్తున్నారు అన్నీ చూడండి. పొదుపు సంఘం మీటింగ్ రోజు వెళ్ళి కూర్చుంటే ఇంటింటికీ తిరిగే పని సగం తగ్గుతుంది.

ఇది చెయ్యకుండా మొదలుపెట్టి మేం దెబ్బతిన్నాం. మా బస్తీలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఆడపిల్లలు ఒకరోజు వచ్చి ఒకరోజు ఎగ్గొడుతున్నారని, వీళ్ళకి ఇంట్రెస్ట్ లేదని మేం డిసైడ్ అయిపోయాం కూడా. తీరా ఒక అమ్మాయి ఇంటికెళ్తే బిందెల లైన్లో నిలబడి ఉంది, చంకలో సైన్స్ పుస్తకం. అప్పట్నుంచి నీళ్ళ రోజు ఆరింటికి మొదలుపెడుతున్నాం, అంతే, సమస్య పోయింది.

2. గది

కమ్యూనిటీ హాల్ అందరికీ మొదట గుర్తొస్తుంది, మంచిదే, కానీ తాళం ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి. పెళ్ళిళ్ళకి, దశదినకర్మలకి, బోనాలకి, వినాయక చవితికి హాల్ మీకు ఉండదు, ఎలక్షన్లొస్తే అసలే ఉండదు. దగ్గర్లో గవర్నమెంట్ స్కూల్ ఉంటే హెడ్మాస్టర్‌ని అడగండి, పైనుంచి పర్మిషన్ కావాలంటారు, లెటర్ రాసి తిరగాలి. గుడిలోనో చర్చిలోనో మసీదు పక్క గదిలోనో ఇస్తామంటారు, మనసు మంచిదే కానీ కొన్ని ఇళ్ళ పిల్లలు అక్కడికి రారు, అది ఆలోచించుకోండి. లైట్, ఫ్యాన్ లేకపోయినా కొన్నాళ్ళు నడుస్తుంది, బాత్రూమ్ లేకపోతే మాత్రం ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు మెల్లగా మానేస్తారు, కారణం కూడా చెప్పరు.

3. రోజూ ఉండే మనిషి

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే అసలు విషయం. ఐటీ కంపెనీల వాళ్ళు, ఇంజనీరింగ్ స్టూడెంట్లు వాలంటీర్లుగా వస్తారు, మూడు వారాలు చాలా హుషారుగా ఉంటారు, తర్వాత సెమిస్టర్ ఎగ్జామ్స్ అనో ప్రాజెక్ట్ రిలీజ్ అనో మాయమైపోతారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ జీవితం అది. కానీ సెంటర్ మూసి ఉందని రెండుసార్లు వెనక్కెళ్ళిన పిల్లాడు మూడోసారి రాడు. అందుకే అదే బస్తీలో ఉండే, ఇంటర్ గానీ డిగ్రీ గానీ చదివిన ఒక అమ్మాయిని జీతానికి పెట్టుకోండి. పిల్లల ఇళ్ళలో గొడవలు, ఎవరి నాన్న ఎందుకు ఇంట్లో లేడు, అన్నీ ఆమెకి ముందే తెలుసు. వాలంటీర్లు ఎక్స్‌ట్రా, కూరలో కొత్తిమీరలాగా.

సేఫ్టీ రూల్స్ మొదటి రోజే పెట్టండి, మొహమాటం వద్దు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, తలుపు తీసే ఉండాలి, ఎంత మంచివాళ్ళైనా సరే పిల్లల్ని ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు, ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 గోడ మీద పెద్దగా రాయండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ రిపోర్ట్ చెయ్యకపోతే అదీ నేరమే, పరువు పోతుందని బస్తీ పెద్దలు సర్దిచెప్పబోతే వినకండి.

4. ముందు తిండి

స్కూల్లో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర, ఒంటిగంటకి. సాయంత్రం ఐదింటికి కడుపులో ఏముంటుంది? మొదటి నెల మేం తిండి గురించి ఆలోచించనే లేదు, ఒక పిల్లాడు రోజూ లెక్కలు చేస్తూ చేస్తూ నిద్రపోయేవాడు, బద్ధకం అనుకుని రెండుసార్లు కసిరాను కూడా. తర్వాత తెలిసింది, వాడు మధ్యాహ్నం కూడా సరిగ్గా తినడట. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. ఖర్చు పెద్దగా ఏం ఉండదు, ముప్ఫై మందికి కిలో ఎండు శనగలు పొద్దున్నే నానబెట్టి గుగ్గిళ్ళు చేసి పోపు పెడితే తలా ఒక గుప్పెడు వస్తాయి, మర్నాడు అరటిపళ్ళు, ఇంకోరోజు పల్లీ పట్టీ. బిస్కెట్ ప్యాకెట్లు వద్దు, అవి ఎలాగూ కిరాణా కొట్లో కొనుక్కుంటున్నారు.

5. చదువు: క్లాసు కాదు, లెవెల్ చూడండి

ఏడో తరగతి అనగానే ఏడో తరగతి పుస్తకం తియ్యకండి. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించండి. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ, ఇందులో ఎక్కడ ఆగిపోతున్నారో చూడటమే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పిల్లల చదువు లెవెల్ చూసే అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి ఇదే, మీకు పెద్ద ట్రైనింగ్ ఏం అక్కర్లేదు. గుణింతాలు గడగడా చదివేసి "స్వాతంత్ర్యం" దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి మీ మొహం వంక చూసేవాళ్ళు ఎంతమంది ఉంటారో చూస్తే ఆశ్చర్యపోతారు. ఒక గంట పాటు క్లాసులతో పని లేకుండా లెవెల్ ప్రకారం గ్రూపులు చెయ్యండి. పెద్ద పిల్లాడు చిన్నపిల్లల మధ్య కూర్చోడానికి సిగ్గుపడతాడు, వాడికి రిజిస్టర్ ఇచ్చి అటెండెన్స్ తీసే పని చెప్పండి, లీడర్‌లాగా కూర్చుంటాడు.

లెక్కల్లో ఒక తమాషా చెప్తా. నోట్‌బుక్‌లో 52 లోంచి 17 తియ్యమంటే సగం మంది 45 రాస్తారు, ఎందుకంటే ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు, చిన్న అంకె పైనుందా కిందుందా అని చూడరు. అదే వాళ్ళ అమ్మతో కూరగాయల బండి దగ్గర కూర్చునే పిల్లాణ్ణి యాభై రెండు రూపాయల్లో పదిహేడు పోతే ఎంతరా అంటే టక్కున ముప్ఫై ఐదు అంటాడు. కాబట్టి పుస్తకం మూసి పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలు ముందు పెట్టండి, ఒక పది నోటు విడిపించి చిల్లర చెయ్యడమే తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అని వాడికి అప్పుడు వెలుగుతుంది.

తెలంగాణ గవర్నమెంట్ స్కూళ్ళలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. చాలామంది పిల్లలు ఇంగ్లిష్ పేజీ బట్టీ కొట్టేస్తారు, అర్థం అడిగితే దిక్కులు చూస్తారు. తెలుగు పేజీ ముందు చదివించి, వాళ్ళ మాటల్లో చెప్పించి, అప్పుడు ఎదురు పేజీకి పంపండి.

హోంవర్క్‌కి అరగంట చాలు. ఆట చివర్లో పెట్టండి, ముందు పెడితే మళ్ళీ లోపలికి రారు.

6. పెద్ద పిల్లలు

ఎనిమిది, తొమ్మిది, పది వాళ్ళని నిలబెట్టుకోవడమే కష్టం. పెళ్ళిళ్ళ సీజన్‌లో మగపిల్లలు క్యాటరింగ్ పనికి పోతారు, రాత్రికి చేతిలో డబ్బులు పడతాయి, వాళ్ళకి చదువు విలువ గురించి లెక్చర్ ఇస్తే నవ్వుకుంటారు. మర్నాడు వచ్చినా సరే రానివ్వండి. పదో తరగతి వాళ్ళకైతే ట్యూషన్ కంటే కూర్చుని చదువుకునే చోటు కావాలి, ఒకే గది ఇల్లు, అందులో టీవీ, జనవరి నుంచి పరీక్షల దాకా వాళ్ళకి రాత్రి తొమ్మిదిన్నర వరకు గది తెరిచి ఉంచండి, ఆడపిల్లల్ని గ్రూపుగా ఇంటి దగ్గర దింపే ఏర్పాటు చెయ్యండి. మూడు రోజులు రాకపోతే ఇంటికెళ్ళాలి. ఇలా తిరగడం మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు, రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో ఎంవీ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్ళు పనిలో ఉన్న పిల్లల్ని ఇలాగే ఇంటింటికీ తిరిగి బడికి తెచ్చారు. అప్పటికే మానేసిన వాళ్ళుంటే రోజూ బడికెళ్ళకుండానే పది పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ ఉంది, ఫామ్ మీరే దగ్గరుండి నింపించండి.

7. డబ్బులు

జీతం, తిండి, చార్టులు, ఇంతే ఖర్చు. ఫ్రెండ్స్ పది, పదిహేను మంది నెలకి తలా కొంత వేసుకుంటే ఏడాది నడుస్తుంది. సెంటర్ని సంస్థగా నమోదు చేసే సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు కావాలి, అది రెండో ఏడు చూసుకోవచ్చు. కంప్యూటర్లు ఇస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి రెండు క్యారమ్ బోర్డులు అడగండి.

మొదటి రోజు రిబ్బన్ కటింగ్, ఫ్లెక్సీ, శాలువాలు పెట్టుకోకండి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో చిన్నగా పడిందో వాళ్ళతో ఏడాదంతా పంచాయితీ. గుగ్గిళ్ళు ఉడికించుకుని వెళ్ళి తలుపు తియ్యండి. తాళంచెవి మాత్రం రెండు చేయించండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి ఎదురింటి అక్క దగ్గర.