ఫుల్ ట్యాంకు కొట్టిస్తేనే పెట్రోలు వాసనా? పంపు మార్చే ముందు రింగు చూడండి

ఇంజన్‌కి పెట్రోలు తోసే పంపు మార్పించిన నెలకి నా పాత కారులో పెట్రోలు వాసన మొదలైంది. గుంటూరులో ఫుల్ ట్యాంకు కొట్టించి బయల్దేరితే, కాజ టోల్‌గేటు వచ్చేసరికి వెనక కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకునేవారు. ట్యాంకు సగానికి దిగితే వాసన పోయేది. పంపు బిగించినచోట అడిగితే ఇంకో పంపు వేద్దామన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన మాత్రం వెనక సీటు ఎత్తి, పంపు జోలికే పోలేదు. లాక్ రింగు కింద సీలు మడతపడి ఉందని చూపించారు.

ఫుల్‌గా ఉన్నప్పుడే వాసన

చాలా పెట్రోలు కార్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. పంపు తలకీ ట్యాంకు మూతికీ మధ్య రబ్బరు సీలు, దాన్ని నొక్కిపట్టేది లాక్ రింగు. ట్యాంకు నిండితే పెట్రోలు తొణికి సీలు దాకా వస్తుంది. అందుకే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వాసన ఇంకా ఎక్కువ.

వెనక సీటు ఎత్తి, పంపు పైభాగం పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఇంజన్ నడిపించి చూడండి. తడి రింగు చుట్టూ ఉంటే సీలు. పైపు క్లిప్పు దగ్గరైతే క్లిప్పు. కరెంటు సాకెట్ దగ్గరైతే పంపు తల పగిలినట్టే, అప్పుడు మాత్రం ఖర్చు తప్పదు.

రింగు కదలడం లేదు

దుమ్ము, తుప్పు. కానీ రింగు మీద చెయ్యి వేసే ముందు కొన్ని పనులున్నాయి. ట్యాంకు పావు కంటే తక్కువ ఉండాలి. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ ఆగిపోయేదాకా నడిపితే పైపులో ఒత్తిడి దిగుతుంది. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలి. గాలి ఆడేచోట, పొద్దున్నే చేయండి. మే నెల మధ్యాహ్నం మన ఎండలో ట్యాంకు మూత తెరవడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

రింగు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో ఊడ్చేయాలి, లేకపోతే అంతా ట్యాంకులోకే పోతుంది. రింగు, పంపు ఏ దిశలో ఉన్నాయో మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. దానికంటూ స్పానర్ ఉంటే సరే. లేకపోతే ఇత్తడి రాడ్డు ఆనించి, ఇనప రింగు చెవుల మీద ఒకదాని తర్వాత ఒకటి ఎడమవైపుకి తట్టాలి. ఇనప ఉలి, స్క్రూడ్రైవర్ వద్దు, నిప్పురవ్వ ఒక్కటి చాలు. ప్లాస్టిక్ రింగుని సుత్తితో కొడితే పగులుతుంది.

సీలు గాడిలో కూర్చోవడం లేదు

పెట్రోలులో నానిన సీలు బయటికి తీశాక ఉబ్బుతుంది. దాన్నే తోసి బిగిస్తే ఎక్కడో మడత పడుతుంది. నా కారుకి జరిగిందదే. పంపు ఎత్తిన ప్రతిసారీ కొత్త సీలు వేయాలి, ఇందులో పొదుపు లేదు. గ్రీజు పూయకండి, దాంతోనూ రబ్బరు పాడవ్వొచ్చు.

రింగు తిరుగుతోంది, బిగవడం లేదు

ప్లాస్టిక్ ట్యాంకైతే మరలు తప్పి ఉంటాయి. ముందు ఎడమకి నెమ్మదిగా తిప్పితే ఒకచోట 'టక్' మని దిగుతుంది, అక్కణ్ణుంచి కుడికి బిగించాలి. రింగు చాలాసేపు తీసి ఉంచితే ట్యాంకు మూతి కాస్త వెడల్పవుతుంది కూడా. అందుకే పెద్దాయన పంపు పైకి తియ్యగానే రింగు మళ్లీ పైపైన తగిలించి ఉంచారు. ఇనప రింగైతే పంపు తలని చేత్తో కిందికి నొక్కిపట్టి తిప్పాలి. మీ గీతలు కలిసేదాకా వస్తే చాలు.

బిగించాక గేజీ తప్పు చూపిస్తోంది

పంపుని నిటారుగా లాగితే, పెట్రోలు మట్టాన్ని గేజీకి చెప్పే, తేలే బుడ్డి ఉన్న కడ్డీ వంగుతుంది. పక్కకి వాల్చి తియ్యాలి, అలాగే దించాలి.

అంతా అయ్యాక ఫ్యూజు, బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా పంపు శబ్దం వినండి, తడి ఉందేమో చూడండి. సీటు అప్పుడే బిగించకండి. ఫుల్ ట్యాంకు కొట్టించి, ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగి, మళ్లీ రింగు చుట్టూ గుడ్డ పెట్టి చూశాకే.