నత్తి ఉన్నవాళ్లు మైకు కాగితం ఎలా రాసుకోవాలంటే

మా తమ్ముడికి సర్పంచ్ పదవి మీద ఆశే లేదు. నిలబడాల్సిన మా అన్న బెంగళూరు వెళ్లిపోతే, కావలి పక్కనున్న మా ఊళ్లో జనం వీడిని పట్టుకున్నారు. వీడికేమో నత్తి.

బ్రిటన్ రాజు ఆరో జార్జిదీ ఇదే వరస. 1936 డిసెంబరులో అన్న ఎడ్వర్డ్ గద్దె వదిలేస్తే బరువు తమ్ముడి నెత్తిన పడింది. 1925లో వెంబ్లీ సభలో మాట పెగలక అవస్థపడ్డ మనిషాయన. మరుసటి ఏడు, మాట సరిచేసే లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గర చేరాడు. లోగ్‌కి డాక్టరు పట్టా లేదు. ఊపిరి కసరత్తులు చేయించేవాడు, ప్రసంగం కాగితాలు దిద్దేవాడు. మనకు పనికొచ్చేది ఆ దిద్దడమే.

ప్రసంగాన్ని పెద్దక్షరాలతో, ఎడంగా రాయండి. ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్నుతో నిలువు గీత కొట్టండి. ‘మన చెరువులో | ఈ వేసవిలో | పూడిక తీయిస్తాం.’ గీత దగ్గర నిదానంగా ఆగండి. వినేవాళ్లకి అది ఆలోచించి మాట్లాడినట్టే ఉంటుంది.

ఇక మొండి మాటలు. తమ్ముడికి ‘గౌరవనీయులైన గ్రామ ప్రజలారా’ దగ్గరే గొంతు బిగుసుకునేది. ‘అందరికీ నమస్కారం’ అని మార్చాం. లోగ్ కూడా రాజుకి మాటలు మార్చి ఇచ్చేవాడు. అయితే ఒకటో రెండో చాలు. అన్నీ తప్పించుకుంటూ పోతే భయం ముదురుతుంది. అయినా ‘పంచాయతీ’ని ఎట్లా మారుస్తారు, సొంత పేరుని ఎట్లా మారుస్తారు? అక్కడ పెదాలు అదమకుండా, తాకీ తాకనట్టు కలిపి, గాలితో పాటు ‘ప’ని వదలండి. బిగుసుకుందా, ఆగి, వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. నెట్టొద్దు.

ఇంట్లో ఇంకొకరితో కలిసి చదవండి. ఒకే గొంతుగా చదివితే చాలామందికి నత్తి దాదాపు కనపడదు. నేను నాలుగు వాక్యాలు కలిసి చదివి, మెల్లగా గొంతు తగ్గించేదాన్ని. ‘అక్కా, ఆపేశావా?’ అని వాడు అడిగేసరికి సగం పేజీ అయిపోయేది.

వస కొమ్ము, నాలుక కింద గులకరాయి లాంటివి నమ్మొద్దు, లోపం నాలుకలో లేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో చెవి ముక్కు గొంతు డాక్టర్ని అడిగి స్పీచ్ థెరపిస్టుని కలవండి. అంతా పోవాలని పట్టుబట్టకండి. 1939 సెప్టెంబరు 3న యుద్ధం గురించి రేడియోలో చెప్పినప్పుడూ రాజు ఆగి ఆగే మాట్లాడాడు, లోగ్ అదే గదిలో ఉన్నాడు.

సభకి ముందు పక్కన కూర్చునేవాళ్లకి ఒక మాట చెప్పుకోండి: ‘సెక్రటరీ గారూ, నేను ఆగితే ఆగనీయండి, మాట మీరు అందించొద్దు.’