సెలక్షన్స్‌కి ముందు పాత కామెంట్లు చూసుకోండి

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పిల్లల్ని క్రికెట్ ప్రాక్టీసుకి తెచ్చే అమ్మానాన్నలకు ఒక మాట. 2021లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ తొలి టెస్ట్ ఆడుతున్న రోజే, అతను 18, 19 ఏళ్లప్పుడు వేరే జాతుల వాళ్లని, ఆడవాళ్లని కించపరుస్తూ పెట్టిన ట్వీట్లు బయటపడ్డాయి. ఏడు వికెట్లు తీసినా తర్వాతి టెస్టుకి పక్కన పెట్టేశారు.

మన పిల్లల పోస్టులు పర్వాలేదు, గొడవంతా కామెంట్లలోనే. మ్యాచ్ పోయిన కోపంలో అంపైర్‌ని తిట్టినవి, అవతలి టీమ్ వాళ్లని కులం పేరుతో వెక్కిరించినవి (ఇవి మరీ ప్రమాదం). ఇన్‌స్టా ప్రొఫైల్లో మూడు గీతలు నొక్కి, ‘యువర్ యాక్టివిటీ’లో కామెంట్స్ తెరిస్తే పాతవన్నీ వరసగా కనిపిస్తాయి. పక్కన కూర్చుని అలాంటివి వాళ్ల చేతే డిలీట్ చేయించండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంటే మాత్రం ఏమీ చేయలేం. ఓడిన రోజు రాత్రి ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి, అలిగినా సరే.