సదస్సు డిక్లరేషన్ చదవడం ఎలా: నల్లగొండ నీళ్లతో ఒక కసరత్తు

అంతర్జాతీయ సదస్సు డిక్లరేషన్ చేతికందగానే మొదటి పేజీ మీద టైం పెట్టకండి. అక్కడ పలకరింపులు తప్ప ఏమీ ఉండవు. ముందు అది ఎవరి కాగితమో చూడండి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

పెద్ద ఆర్థిక వ్యవస్థల కూటమి జీ20 డిక్లరేషన్‌కు చట్టబలం లేదు. ఆ కూటమికి శాశ్వత సచివాలయం కూడా లేదు, అధ్యక్షత ఏటా చేతులు మారుతుంది. షెర్పాలు, అంటే నాయకుల తరఫున బేరమాడే ప్రతినిధులు, నెలల తరబడి కూర్చుని రాసిన మాటలకు నాయకులు చివర్లో తలూపుతారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో 83 పేరాలు మొదటి రోజే ఆమోదం పొందాయంటే, కుస్తీ అంతా అప్పటికే అయిపోయిందన్నమాట. ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో 193 దేశాలకు తలా ఒక ఓటు. వాతావరణ కాప్‌లో (ఒప్పందంలోని దేశాల సదస్సులో) ఓటింగ్ జరగదు, అందరూ సరేననాలి. హైదరాబాద్‌లో 2012 అక్టోబరులో జరిగిన కాప్11 మాత్రం జీవవైవిధ్య ఒప్పందానిది. దాన్ని వాతావరణ కాప్‌ల వరుసలో రాస్తే జవాబు తప్పు. దావోస్‌లో జరిగే వరల్డ్ ఎకనామిక్ ఫోరం అయితే ప్రభుత్వాల సభే కాదు.

తర్వాత పెన్సిల్ తీసుకుని ప్రతి పేరాలో క్రియ కింద గీత గీయండి. గ్రామసభ రిజిస్టర్లో 'సభ దృష్టికి వచ్చినది' అన్న వాక్యానికీ 'మంజూరు చేయనైనది' అన్న వాక్యానికీ ఎంత దూరమో తెలుసు కదా, ఇక్కడా అంతే. 'డిసైడ్స్' అంటే పని మొదలైనట్టు. 'అర్జెస్', 'ఇన్‌వైట్స్' అంటే బతిమాలినట్టు. 'నోట్స్' అంటే విన్నాం, ఇక వెళ్లిరండి అని. తెలుగు వార్తల్లో ఇవన్నీ 'తీర్మానించాయి' అయిపోతాయి, అందుకే ఇంగ్లిష్ మూలం పక్కన పెట్టుకోక తప్పదు.

ఒక్క మాట కోసం సభ ఆగిపోయిన సందర్భాలున్నాయి. 2015లో పారిస్‌లో, సంపన్న దేశాలు ఉద్గారాల కోతలో ముందుండాలన్న చోట 'షల్' (చేసి తీరాలి) పడిందని అమెరికా అడ్డుచెప్పింది, ఆఖరి గంటల్లో అది 'షుడ్' (చేయడం మంచిది) అయింది. 2021లో గ్లాస్గోలో బొగ్గును 'ఫేజ్ అవుట్' (క్రమంగా ఆపేయడం) చేయాలన్నదాన్ని 'ఫేజ్ డౌన్' (క్రమంగా తగ్గించడం)గా మార్చాలని భారత్ అడిగింది, మారింది. ముసాయిదా దొరికితే చదరపు బ్రాకెట్లు వెతకండి. ఇంకా ఒప్పుకోని మాటలు వాటి మధ్యే ఉంటాయి.

డబ్బు అంకె కనబడితే నాలుగు ప్రశ్నలు వేయండి: ఎంత, ఏ ఏడాదికల్లా, ఎవరు, ఏ రూపంలో. 2009లో కోపెన్‌హాగన్‌లో సంపన్న దేశాలు వర్ధమాన దేశాల వాతావరణ అవసరాలకు 2020కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి ('మొబిలైజ్'). సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ లెక్క ప్రకారమే అది చేరింది 2022లో. పైగా 'మొబిలైజ్' అన్న మాటలో అప్పులు, ప్రైవేటు పెట్టుబడులు కూడా కలిసిపోతాయి. దాన్ని 'సాయం' అని అనువదిస్తే మోసపోయినట్టే.

ఇప్పుడు మన నీళ్లు. 2015 సెప్టెంబరులో జనరల్ అసెంబ్లీ 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఆమోదించింది. 6.1 తీయండి: 2030కల్లా అందరికీ సురక్షితమైన, భరించగల ధరలో తాగునీరు. 'సురక్షితం' అంటే ఏమిటో ఆ వాక్యం చెప్పదు. చాలామంది అక్కడే కాగితం మడిచేస్తారు. దాన్ని కొలిచే సూచిక 6.1.1 దాకా వెళ్లండి. నీళ్లు ఇంటి ఆవరణలో ఉండాలి, కావలసినప్పుడు రావాలి, మల కాలుష్యమూ ముఖ్యమైన రసాయనాలూ లేకుండా ఉండాలి. ఆ రసాయనాలు రెండు: ఆర్సెనిక్, ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు దశాబ్దాలుగా ఫ్లోరైడ్ నీళ్లతో పడుతున్న బాధ న్యూయార్క్ కాగితంలో దొరికేది ఈ ఒక్క చోటే, అదీ సూచిక వివరణలో.

ఇక లెక్క కట్టండి. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 దాకా ఫరవాలేదు, వేరే నీళ్లు దొరకనప్పుడే 1.5 దాకా సరే. ఒక వాడ బోరులో 2 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. వాకిట్లో నల్లా ఉన్నా, రోజంతా ధార కట్టినా ఆ నీళ్లు తాగే ఇల్లు 6.1.1 లెక్కలోకి రాదు. 'నల్లా ఉన్న ఇళ్ల శాతం' తెచ్చి ఈ సూచిక పక్కన రాయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, వ్యాసాల్లో తరచు కనిపించేది కూడా అదే.

పరీక్ష ఫలితం ఉటంకిస్తే మూడు వివరాలు తప్పనిసరి: నీళ్లు పట్టిన తేదీ, నెల ఎండాకాలమా వానాకాలమా, పట్టింది బోరు దగ్గరా, ట్యాంకు దగ్గరా, నల్లా దగ్గరా. ట్యాంకులో కృష్ణ నీళ్లతో బోరు నీళ్లు కలిసే ఊళ్లో ఈ మూడో వివరం లేని అంకెను జవాబులోంచి కొట్టేయండి.