అణిగిపోయిన డ్రై ఫ్లైకి కాస్త ఆవిరి

డ్రై ఫ్లైని (గాలానికి ఈకలు కట్టి చేసే, నీటి మీద తేలే ఉత్తుత్తి పురుగు, చేపలకి ఎర) నాలుగు చేపలు నమిలాక, పైగా డబ్బాలో ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాక, మెడ చుట్టూ ఉండే హ్యాకిల్ ఈకలు ఓ పక్కకి అణిగిపోతాయి. ఇక అది నీటి మీద నిలవదు, ఒరిగి మునుగుతుంది. అలాంటివి నేను చాలానే పారేశాను, మాతో చేపలకి వచ్చే పెద్దాయన ఒకరు ఇది చూపించేదాకా.

కెటిల్‌లో ఓ గ్లాసు నీళ్ళు మరగనివ్వండి. ఫ్లైని గాలం వంపు దగ్గర ఫోర్సెప్స్‌తో పట్టుకుని, కెటిల్ మూతికి ఓ 3 అంగుళాల దూరంలో ఆవిరిలో తిప్పుతూ 5 నుంచి 10 సెకన్లు ఉంచండి. ఈకలు ఒక్కొక్కటిగా లేచి విచ్చుకోవడం కళ్ళముందే కనిపిస్తుంది. ఒక్కసారి ఊదండి, అంతే. చేప జిగురు అంటుకుని ఉంటే మాత్రం ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఓ సబ్బు చుక్క వేసి కడగాలి, లేదంటే ఆ జిగురు ఈకల్ని విడవదు.

రాత్రంతా కాగితం మీద ఆరనిచ్చి, అప్పుడే డబ్బాలో పెట్టండి. తొందరపడి మూత పెడితే గాలాలు తుప్పు పడతాయి (నావి ఓ వరస మొత్తం పోయాయి).

విరిగిన ఈక ఆవిరికి లేవదు. ఫోమ్‌తో చేసినవాటినీ, జిగురుతో కళ్ళు అతికించినవాటినీ ఆవిరి దగ్గరికి తీసుకెళ్ళకండి. వేళ్ళతో అసలు పట్టుకోవద్దు, చురుక్కుమంటుంది.