ఏఐని పనిలోకి దించే ముందు విశాఖ సంస్థలు తీసుకోవలసిన జాగ్రత్తలు

రుషికొండ, మధురవాడ ప్రాంతాల్లో విదేశీ కంపెనీల బ్యాక్ ఆఫీస్ పనులు చేసే సంస్థలు కృత్రిమ మేధను వాడుకలోకి తెచ్చే ముందు, "సాఫ్ట్‌వేర్ మనం తయారుచేసింది కాదు కదా" అన్న ధీమాను వదులుకోవాలి. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం తయారీదారులతో పాటు వాడేవారిపైనా బాధ్యతలు మోపింది. సంస్థ విశాఖలోనే ఉన్నా, దాని ఏఐ వ్యవస్థ ఇచ్చిన ఫలితాన్ని ఐరోపాలో వినియోగిస్తే ఆ చట్టం వర్తిస్తుంది.

అందువల్ల ఏ సాధనం ఏ నిర్ణయానికి ఉపయోగపడుతోందో, ఆ ఫలితం ఏ దేశానికి చేరుతోందో ముందుగా ఒక పట్టికగా రాసుకోవాలి. ఎగుమతి రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే కెమెరాకు సాధారణంగా ఈ బెడద ఉండదు. ఉద్యోగ దరఖాస్తులను వడపోసే, వ్యక్తుల రుణ అర్హతను లెక్కగట్టే సాధనాలు మాత్రం అధిక ప్రమాద వర్గంలోకి వస్తాయి. కాల్ సెంటర్లు మరింత జాగ్రత్తపడాలి. ఉద్యోగి గొంతును బట్టి అతని భావోద్వేగాలను అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌ను పనిచేసే చోట వాడడాన్ని, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, ఆ చట్టం 2025 ఫిబ్రవరి 2 నుంచే నిషేధించింది. నిషేధాన్ని ఉల్లంఘిస్తే 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 7 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడవచ్చు. చిన్న, మధ్యతరహా సంస్థలకు తక్కువ మొత్తాన్నే పరిమితిగా తీసుకుంటారు.

అధిక ప్రమాద సాధనాలపై మనిషి పర్యవేక్షణ ఉండాలని చట్టం చెబుతోంది. వరుసగా వచ్చే ఫైళ్లకు ఓకే నొక్కుతూ పోయే సూపర్‌వైజర్‌ను చూపించి, పర్యవేక్షణ ఉందనుకోవడం ఆత్మవంచనే. యంత్రం చెప్పినదాన్ని తోసిపుచ్చే అధికారం, అందుకు తగిన శిక్షణ, చదివేందుకు సమయం ఆ వ్యక్తికి ఉండాలి.

మన దేశంలో ఏఐకి ప్రత్యేక చట్టం లేకపోయినా, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేసి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. గడువుంది కదా అని ఖాతాదారుల ఆధార్, బ్యాంకు వివరాలను ఉచిత చాట్‌బాట్‌లలో అతికించే అలవాటును ఉపేక్షించకూడదు. ఒకసారి బయటికిపోయిన డేటాను వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. తగిన భద్రతా ఏర్పాట్లు చేయనందుకు ఈ చట్టం కింద 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పనిని మరొకరికి అప్పగించినా డేటా బాధ్యత అప్పగించిన సంస్థదే కనుక, లాగ్‌లను, అంటే వ్యవస్థలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే రికార్డులను, చూసే హక్కును విక్రేతతో చేసుకునే ఒప్పందంలోనే రాయించుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఆ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. ఇక్కడి కార్యాలయాల్లో చాలా పని రాత్రి షిఫ్టుల్లోనే సాగుతుంది కాబట్టి, ఆ వేళలో ఎవరిని నిద్రలేపాలో, నివేదిక ఎవరు పంపాలో పేర్లతో సహా ముందే నిర్ణయించి రాసిపెట్టాలి.