ఏ కంపెనీ ట్రాక్టర్ కొనాలి అని అడిగేవాళ్ళకి: ముందు ఒకసారి ఆటోనగర్ వెళ్ళి రండి

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, అంతా మాగాణే. అత్తగారి ఊరు సత్తెనపల్లి అవతల, నల్లరేగడి, మిర్చి, పత్తి. ఏ ట్రాక్టర్ మంచిదని నాకూ మా బావమరిదికీ పదేళ్ళ నుంచి ఒకటే గొడవ, సంక్రాంతికి వెళ్తే అరిసెలు ప్లేట్లో పెట్టేలోపే మొదలైద్ది. వాడిది మహీంద్రా 575, నాది ఇప్పుడు కుబోటా ఎల్ 4508, 4 వీల్ డ్రైవ్. వాడు నా బండిని బొమ్మ అంటాడు, నేను వాడిదాన్ని దున్నపోతు అంటా. తీరా చూస్తే ఇద్దరం కరెక్టే, ఎందుకంటే వాడి మిర్చి ట్రక్కు (ట్రాక్టర్ వెనక తగిలించే ట్రాలీ) ముందు నా బండి ఆనదు, మా అడుసులో వాడి బండి దిగడానికే భయపడిద్ది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య కొత్తగా ట్రాక్టర్ కొనే కుర్రాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఏది మంచిది" అని ఒక్క ముక్కలో అడుగుతున్నారు. ఒక్క ముక్కలో చెప్పే యవ్వారం కాదు అది. అసలు ఊళ్ళో అందరూ ఒకే కంపెనీ ఎందుకు వాడుతున్నారో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే, ఆ కారణం మీకు వర్తించిద్దో లేదో చూసుకోవటమే మిగతా సగం.

మొదటి కారణం చాలా మామూలుది. ఊళ్ళో ముందు ఎవరు కొన్నారో ఆయన బండి బాగా నడిస్తే పక్కోడు అదే కొంటాడు, వాడి తమ్ముడూ అదే కొంటాడు, డ్రైవర్లకి ఆ గేర్లే చేతికి అలవాటవుతాయి, మెకానిక్ ఆ ఇంజనే వందసార్లు విప్పి కళ్ళు మూసుకుని బిగిస్తాడు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఊరంతా ఒకటే రంగు. అందుకే కొన్ని ఊళ్ళు ఎర్రగా ఉంటాయి, కొన్ని ఊళ్ళు నీలంగా ఉంటాయి. దీన్ని గుడ్డి అభిమానం అనుకోవద్దు. మెకానిక్, డ్రైవరు, స్పేరు పార్టు మూడూ ఒకచోట దొరికే బండి అన్నమాట అది, కొనేవాడికి అంతకన్నా ఏం కావాలి.

అయితే రచ్చబండ దగ్గర మహీంద్రా గొప్పా స్వరాజ్ గొప్పా అని చొక్కాలు పట్టుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చిద్ది. స్వరాజ్‌ని మహీంద్రా వాళ్ళు 2007లోనే కొనేశారు. ఐషర్ ట్రాక్టర్లని 2005లో టాఫే కొనుక్కుంది, అంటే మన దగ్గర మాస్సీ అమ్మేదీ ఐషర్ అమ్మేదీ ఒకే మదరాసు వాళ్ళు. ఎస్కార్ట్స్‌లో కుబోటా పెద్ద వాటా తీసుకుంటే 2022లో ఆ కంపెనీ పేరే ఎస్కార్ట్స్ కుబోటా అయింది, ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్ కూడా వాళ్ళవే. దాయాదుల కొట్లాట తప్ప ఇంకేం లేదు అక్కడ. ఓనర్ ఒకడే అయినా ఇంజన్లు వేరు, గేర్‌బాక్సులు వేరు, డీలర్లు వేరు, కాబట్టి మీరు కొనేది మోడల్‌ని, డీలర్‌ని. బోర్డు మీద పేరుని కాదు.

ఇక ఎలా ఎంచుకోవాలో నా పద్ధతి చెప్తా.

షోరూమ్‌కి వెళ్ళకముందు విజయవాడ ఆటోనగర్‌కో గుంటూరు ఆటోనగర్‌కో వెళ్ళండి. స్పేరు పార్టుల షాపులన్నీ అక్కడే ఉంటాయి. జేబులో ఒక చీటీ పెట్టుకోండి: క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు సీలు కిట్టు, సెల్ఫ్ మోటారు, వాటర్ పంపు, ముందు హబ్బు బేరింగు. మీరు అనుకుంటున్న మోడల్ పేరు చెప్పి మూడు షాపుల్లో ఈ ఐదూ అడగండి. రేటు కన్నా షాపువాడి మొహం చూడండి. బాగా తిరిగే మోడల్ అయితే తల కూడా ఎత్తడు, వెనక ర్యాకులోంచి పెట్టె తీసి కౌంటర్ మీద పడేసి "ఒరిజినలా, లోకలా" అంటాడు. అదే తిరగని మోడల్ అయితే కళ్ళజోడు సర్దుకుని "ఏ సంవత్సరం బండి, పాత పార్టు తెచ్చారా, నంబరు చెప్పండి, రేపు సాయంత్రం రండి" అంటాడు. ఈ రెండో మాట రెండు షాపుల్లో వినపడితే ఆ మోడల్ గురించి ఇంకోసారి ఆలోచించుకోండి.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. ఇప్పుడున్న బండికి ముందు నాకో ట్రాక్టర్ ఉండేది, కంపెనీ పేరు ఎందుకులెండి. కాలవలకి నీళ్ళొదిలారు, ఊరంతా దమ్ములు (నాట్లకి ముందు నీళ్ళు పెట్టి చేను బురద చేయటం), నా పొలం అయిపోయింది, బయట కిరాయికి వరసగా ఒప్పుకున్నా. ఒకరోజు పొద్దున బండి వెనక మట్టిని తిరగేసే రోటవేటర్ లేవట్లా. లివరు ఎత్తితే మూలుగుతా జానెడు లేచి మళ్ళీ మెల్లగా బురదలోకి కూర్చుంటుంది. మా మెకానిక్ విప్పి నలిగిపోయిన రబ్బరు రింగు ఒకటి వేలికి తొడుక్కుని చూపించాడు, గాజుకన్నా చిన్నది. "ఇదేరా నీ బండిని ఆపింది" అన్నాడు. డీలర్‌కి ఫోన్ చేస్తే డిపో నుంచి రావాలన్నారు, ఆటోనగర్‌లో సైజు కలవలా. తొమ్మిది రోజులు. బండి చేలో గట్టు పక్కన అట్టాగే ఉంది, నేను ఒప్పుకున్న ఎకరాలన్నీ పక్క ఊరి బండి చేసుకుపోయింది, మా ఆవిడ మాత్రం రోజూ "ఆ రింగు వచ్చిందా" అని అడిగేది, ఇప్పటికీ ఏదన్నా ఆలస్యమైతే అదే మాట అంటది. సీజన్ మొత్తం ముప్పై నలభై రోజులు, అందులో తొమ్మిది రోజులంటే బండి అప్పు కంతు ఎగిరిపోయినట్టే.

స్పేర్ల సంగతి తేలాక మీ నేల చూసుకోండి. దమ్ము చేసే మాగాణి అయితే బరువు తక్కువ, 4 వీల్ డ్రైవ్, ఇది నా లెక్క. నా ఎల్ 4508 పద్నాలుగు వందల కేజీలు కూడా తూగదు, 575 దగ్గర దగ్గర పంతొమ్మిది వందలు ఉంటది. ఆ ఐదొందల కేజీల తేడా కిందున్న గట్టి పొర మెత్తబడిన చేలో తెలిసొచ్చిద్ది. ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి మడి మూల తిప్పేటప్పుడు బండి నెట్టుకుంటా పోకుండా తిరిగిద్ది. మా డెల్టాలో చిన్న 4 వీల్ బళ్ళు ఇంతగా పెరిగాయంటే కారణం అదే. 2 వీల్ బండికి ఇనప చక్రాలు కట్టి దమ్ము చేసేవాళ్ళు ఇంకా బోలెడుమంది, తప్పేం లేదు, కాకపోతే వాటితో తారురోడ్డు ఎక్కొద్దు, రోడ్డూ పోద్ది, కేసూ రాస్తారు.

దమ్ముకి ఇంకో ముఖ్యమైన విషయం బ్రేకులు. డ్రై బ్రేకులైతే బురదనీళ్ళు లోపలికి పోయి పట్టు తప్పుతాయి, కాబట్టి ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులే తీసుకోండి. రేటు కాస్త ఎక్కువైనా దీని దగ్గర బేరం వద్దు. ఒక హెచ్చరిక కూడా: వెనక చక్రాలు దిగబడి ఊరికే తిరుగుతుంటే ముందుకి బలవంతంగా లాగించొద్దు, చక్రాల కింద దుంగలు పెట్టి అసలే లాగించొద్దు, చక్రం తిరగలేక ముందు భాగం గాల్లోకి లేచి బండి మనిషి మీదకి తిరగబడిద్ది. రివర్స్‌లో రావటానికి చూడండి, లేకపోతే ఇంకో బండితో లాగించండి.

పల్నాడు వైపు లెక్కే వేరు. మా బావమరిది బండి ఏడాదిలో సగం రోజులు ట్రక్కుకే కట్టి ఉంటది. టిక్కీ (మిర్చి బస్తా) ఒకటి 40, 45 కేజీలు, అట్టాంటివి ట్రక్కు నిండా వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి తోలాలంటే బండికి బరువు ఉండాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు వెనక ట్రక్కు బండినే తోసుకుంటా పోద్ది, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు తేలిపోద్ది. అందుకే అక్కడ 575 లాంటివి, స్వరాజ్ 744 లాంటివి, పాత మాస్సీలు మనుషుల్లాగా గౌరవం పొందుతా ఉంటాయి. రేగడిలో ఎండాకాలం లోతు దుక్కి చేయాలన్నా బరువు కావాల్సిందే. మిర్చి సాళ్ళ మధ్య పాటు చేయటానికి మాత్రం వాడు వేరే చిన్న ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకుంటాడు. ఒక్క బండితో అన్ని పనులూ అవుతాయని షోరూమ్‌లో ఎవరన్నా చెప్తే టీ తాగి వచ్చేయండి.

హెచ్‌పీ గురించి. బోనెట్ మీద రాసిన నంబరు ఇంజనుది. మీ రోటవేటర్‌ని తిప్పేది పీటీవో (బండి వెనక పనిముట్లని తిప్పే ఇరుసు) దగ్గరికి చేరిన పవర్, అది ఎప్పుడూ తక్కువే ఉంటది. కంపెనీ కాగితాల్లో పీటీవో హెచ్‌పీ ఎంతో అడగండి. మధ్యప్రదేశ్ బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ టెస్టింగ్ సంస్థ ఉంది, అక్కడ పరీక్ష చేసిన రిపోర్టులో పీటీవో పవర్, డీజిల్ ఖర్చు, లిఫ్టు ఎంత ఎత్తుద్ది అన్నీ ఉంటాయి, డీలర్‌ని ఆ రిపోర్టు చూపించమనండి. చాలామంది సేల్స్ కుర్రాళ్ళు అది అడిగేసరికి మేనేజర్ వైపు చూస్తారు.

50 హెచ్‌పీ దాటాలా వద్దా అన్నదానికి కూడా ఒక మెలిక ఉంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకి పొగ రూల్స్ కఠినం చేశారు, దాంతో వాటిల్లో ఎలక్ట్రానిక్ డీజిల్ సిస్టమ్‌లు వచ్చాయి, రేటు పెరిగింది, సెన్సార్ పోతే మన ఊరి మెకానిక్ స్పానర్ పక్కన పెట్టి కంపెనీ వాడి లాప్‌టాప్ కోసం ఎదురుచూడాలి. అందుకే చాలామంది 50 లోపే ఆగిపోతున్నారు. పెద్ద రోటవేటరు, గడ్డి కట్టలు కట్టే బేలరు ఉన్నవాళ్ళకి తప్పదు, పది పదిహేను ఎకరాల రైతుకి మాత్రం నా మటుకు 45 చాలు.

క్లచ్ డబలా సింగిలా చూసుకోండి. డబల్ క్లచ్ అయితే సగం తొక్కితే బండి ఆగిద్ది, రోటవేటర్ తిరుగుతానే ఉంటది, పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. రోటవేటర్ ఎక్కువ వాడేవాళ్ళకి, బేలర్ పెట్టుకునేవాళ్ళకి ఇది ఉండాల్సిందే. ఉత్త గొర్రుకీ ట్రక్కుకే అయితే సింగిల్‌తో సరిపెట్టుకోవచ్చు.

డెమో అడగండి, షోరూమ్ ముందు సిమెంటు మీద కాదు, మీ చేలో, మీ రోటవేటర్‌తో. చదునుగా ఉన్నచోట ట్యాంకు గొంతుదాకా నింపి, కొలిచిన ఎకరం దున్ని, మళ్ళీ అదే చోట అదే మట్టానికి కొలపాత్రతో పోయండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే మైలేజీ, మిగతాదంతా కబుర్లు. గంటకి ఒక్క లీటరు తేడా వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాదికి 800 గంటలు కిరాయికి తిప్పేవాడికి 800 లీటర్లు, లీటరు వంద దగ్గర్లో ఉంది, అంటే 80,000. సొంత పొలానికి 200 గంటలు తిప్పుకునేవాడికి ఆ తేడా 20,000 దాటదు, వాడు మైలేజీ కన్నా రేటూ రిపేరూ చూసుకోవటం మంచిది. ఇంకోటి, డెమోకి మీ డ్రైవర్‌నే ఎక్కించండి. మా డ్రైవర్ చెప్పులు విప్పి ఎక్కుతాడు, క్లచ్ గట్టిదా మెత్తదా అనేది అరికాలికి తెలవాలంట. ఒక కంపెనీ బండి నాకు తెగ నచ్చితే, అతను అరగంట తిప్పి దిగి మోకాలు రుద్దుకుంటా "రోజంతా ఇది తొక్కితే రాత్రి నిద్ర ఉండదు బాబాయ్" అన్నాడు, అంతే, వదిలేశా. తోలేది అతను కదా.

అమ్ముడుపోయే రేటు కూడా ఇప్పుడే చూసుకోవాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు ఉంటది ఈ వ్యాపారం. పాత ట్రాక్టర్లు అమ్మే చోటకి కొనేవాడిలా వెళ్ళి ఐదేళ్ళ బండి రేటు అడగండి, తర్వాత అమ్మేవాడిలా ఫోన్ చేసి అదే మోడల్‌కి ఎంతిస్తారో అడగండి. ఆ రెండిటి మధ్య గ్యాప్ తక్కువున్న మోడలే జనం నిజంగా ఇష్టపడుతున్న మోడల్.

రేటు మాట్లాడేటప్పుడు 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని గుర్తుంచుకోండి, ట్రాక్టర్ టైర్లు, చాలా స్పేర్ల మీద 18 నుంచి 5కి వచ్చింది. పాత కొటేషన్ కాగితం పట్టుకుని డిస్కౌంట్ ఇచ్చామని చెప్పేవాళ్ళు ఉంటారు, పన్ను ఎంత, బండి ఎంత, ఇన్సూరెన్స్ ఎంత, రిజిస్ట్రేషన్ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ట్రక్కుకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటది, దాని ఖర్చు ఇందులో కలిసిందో లేదో అడగండి. ఫైనాన్స్ అయితే కంతులు ఆర్నెల్లకొకసారి, మీ పంట డబ్బు చేతికొచ్చే నెలకి పెట్టించుకోండి, నెలనెలా కట్టే పద్ధతికి ఒప్పుకుంటే మీ పని అయిపోయినట్టే.

డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టే హడావిడిలో గంటల మీటరు చూడటం మర్చిపోవద్దు, డెమో బండిని తుడిచి కొత్తదని ఇచ్చే అవకాశం ఉంటది. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో కలిపి చూసుకోండి. మొదటి సర్వీసు చాలా బళ్ళకి 50 గంటలకే ఉంటది, దమ్ము సీజన్లో కొన్నారంటే అది వారం కూడా పట్టదు, మెకానిక్ ఇంటికొస్తాడా మనమే తోలుకెళ్ళాలా అన్నది తాళాలు తీసుకునేముందే తేల్చుకోండి.